రాతికొలువు గుమ్మంలో కొమ్మన

మణిధరుడు వేణువును పెదవుల నుంచి దించగానే మంటపమంతా ఒక్కపెట్టున "భళా!" అంది. కొమ్మన మాత్రం అనలేదు. అతని నోట్లో తిత్తి గొట్టం ఉంది. లేకపోయినా అనేవాడు కాదు.

వైజయంత రాజ్యానికి తూర్పున, మబ్బులు నడుము దాకా వచ్చి ఆగిపోయే మ్రోగుకొండను తొలిచి కట్టిన విద్యాపీఠం అది. తడితే స్వరం పలికే స్తంభాలు, చంద్రకాంత శిలల మెట్లు, చూరు కింద వేలాడే వెండి చిరుగంటలు. గాలి తోలినప్పుడల్లా కొండ కొండంతా గొంతు సవరించుకుంటున్నట్టు ఉంటుంది. నానా దేశాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ ముందు ఒంటరిగా వాయించడం నేర్చుకుంటారు, ఆ తరవాత నలుగురితో కలిసి వాయించడం నేర్చుకుంటారు. మొదటిది చేతుల చదువు, రెండవది చెవుల చదువు అంటాడు ఆచార్య శంఖపాలుడు. చేతుల చదువులో కొమ్మనను కొట్టేవాడు ఆ కొండ మీద లేడు. మూడు సొరబుర్రల కిన్నెర పట్టుకున్నాడంటే చిరుగంటలు కూడా ఊగడం మానేవి. చెవుల చదువు మీద అతనికి పెద్ద గౌరవం లేదు.

కొమ్మన మేకల కాపరి కొడుకు. పేరు కోసం అంత దూరం రాలేదు, అన్న పోలన కోసం వచ్చాడు.

కొండకు ఆవల ధూమకేశుడనే మాంత్రికుడి బిలం ఉంది. దాన్ని రాతికొలువు అంటారు. వాడు పట్టుకుపోయిన వాళ్ళందరూ అందులో శిలలై నిలబడి ఉంటారు. ఏడాదికి ఒక్క రోజు, మిట్టమధ్యాహ్నం ఆ కొండచరియకు నీడ పడని వేళ, అయిదు వాద్యాలు ఒక్కటిగా పలికితే బిలం తలుపు లేస్తుంది. అయిదుగురిలో పాట నడిపే వాడి పీట అగ్రాసనం; దాని మీద కూర్చున్నవాడు ఒక్కడే లోపలికి వెళ్ళగలడు, ఒక్క మనిషినే బయటికి తేగలడు. బయట పాట విడిపోయిందా, తలుపు పడిపోతుంది. పోలన అలా వెళ్ళినవాడే. లోపలే ఉండిపోయాడు. మూడో ఏడు దాటిన శిల మరి మనిషి కాలేదని పీఠంలో అందరూ నమ్ముతారు. ఇదే మూడో ఏడు. వేళ ఇంకా రెండు రోజులే ఉంది.

అలాంటిది, అగ్రాసనం నిన్న మొన్న వానాకాలంలో వచ్చిన మణిధరుడికి ఇచ్చాడు ఆచార్యుడు. కొమ్మనను తిత్తి పీట మీద కూర్చోబెట్టాడు.

తిత్తి అంటే మేకతోలు సంచి. గాలి ఊది చంకలో నొక్కుతుంటే దాని రెల్లు నాలుక ఒకే ఒక్క స్వరం పలుకుతూ ఉంటుంది. మిగతా వాద్యాలన్నీ దానికి శ్రుతి కలుపుకోవాలి. రాగం లేదు, గమకం లేదు, భళా అనేవాడు లేడు.

"నేనేం తప్పు చేశాను స్వామీ?" అని అడిగాడు కొమ్మన.

"తప్పేం లేదు నాయనా. నువ్వు పరిగెత్తుతావు. నీ వెనక ఎవరూ నడవలేరు. వాడు నడుస్తాడు. వాడి వెనక అందరూ నడుస్తున్నారు" అన్నాడు ముసలాయన.

ఆ మాట కొమ్మన గొంతులో చేపముల్లులా దిగబడింది. అప్పటినుంచీ మణిధరుడి మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. వంటశాల నాంచారవ్వ వాడి విస్తట్లో నెయ్యి ఒక గరిటె ఎక్కువ పోస్తుంది. పీఠంలోని జింకపిల్ల వాడి అరచెయ్యి నాకుతుంది. వాడు ఒక్కమాట అంటే మృదంగం గుండయ పొట్ట పట్టుకుని నవ్వుతాడు. వాడికి మీసం మొలవలేదు, అయినా మీసమున్న వాళ్ళకంటే అందగాడు. అందరితో కలిసి ఏటిలో స్నానానికి రాడు, ఎంత పొగరో! అసూయపడే వాడి కన్ను అన్నీ చూస్తుంది. చూసినదాన్ని తనకు తోచినట్టే అర్థం చేసుకుంటుంది.

మంటపం భళా అన్న మర్నాడు పొద్దున సాధనకు అందరికంటే ముందు వచ్చాడు కొమ్మన. తిత్తి గొట్టం ఊడదీశాడు. నాలుక చివర అంటించిన చిన్న మైనపు ముద్ద ఉంటుంది. అది బరువైతే స్వరం దిగుతుంది, తేలికైతే ఎక్కుతుంది. మేకతోలు, మైనం అతనికి పుట్టినప్పటినుంచి తెలిసినవే. గోటితో నువ్వుగింజంత గీకి పారేశాడు.

సాధన మొదలైంది. తిత్తి పలికింది. వీణ లక్కన దానికి సరిగా తీగలు బిగించుకున్నాడు. గుండయ వార్ల కింది కొయ్యగట్టాలు తట్టి మృదంగం ఎక్కించుకున్నాడు. ఏచన చేతిలో తాళాలకు ఈ గొడవే లేదు. తిత్తి ఎంత పలికితే అంతే శ్రుతి, అది మ్రోగుకొండ కట్టుబాటు. తిత్తిని అనుమానించినవాడు ఆ కొండ మీద ఇంతవరకూ పుట్టలేదు.

వేణువుకు మరలు ఉండవు, తీగలు ఉండవు. వెదురు ఎక్కడ తొలిస్తే అక్కడే పలుకుతుంది. మణిధరుడు మొదటి స్వరం ఊదగానే నాంచారవ్వ చేతిలోని చెంబు కింద పెట్టేసి చెవులు మూసుకుంది. వాడు పెదవి వంచాడు, వేణువు తిప్పాడు, ఊపిరి పెంచాడు. తడి కట్టెల పొయ్యి ఊదుతున్న వాడిలా ముఖమంతా ఎర్రబడింది. స్వరం మాత్రం దొరకలేదు.

ఆచార్యుడు చెయ్యెత్తాడు.

"అగ్రాసనం మీద అపశ్రుతి పలికినవాడు తిత్తి పీటకు దిగాలి. తిత్తి పట్టినవాడు అగ్రాసనం ఎక్కాలి. అదే మన నియమం" అన్నాడు. ఆ గొంతులో సంతోషమేమీ లేదు.

కొమ్మన లోలోపల ఎగిరి గంతేశాడు. పీట దిగి వస్తూ వెనక్కి చూశాడు. మణిధరుడు తిత్తి నాలుకను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తున్నాడు. చూసి, దాన్ని తిరిగి గొట్టంలో పెట్టేశాడు.

ఆ సాయంత్రమే అయిదుగురూ బయలుదేరారు. తేలుకొండి లోయ, నిప్పుపొదల అడవి దాటి, తెల్లవారేసరికి గండభేరుండం కాపలా ఉండే ఇరుకు కనుమ దగ్గరికి చేరారు. అది రెండు తలల పక్షి. ఒక్కొక్క రెక్క కోటగోడంత ఉంటుంది. కాళ్ళ కింద ఏనుగుల ఎముకలు ఎండుపుల్లల్లా విరుగుతున్నాయి.

"మీరెవరూ కదలకండి. నేనొక్కణ్ణే చాలు" అని కొమ్మన ముందుకు ఉరికి కిన్నెర మీటాడు.

ఎడమ తల మెల్లగా ఊగింది. కన్ను అరమూసింది. కుడి తల మాత్రం ఊగలేదు. మెడ చాచి, ముక్కు తెరిచి, గునపం దిగినట్టు అతని మీదికి దూకింది. కొమ్మన బండ మీద పడి దొర్లాడు. రెండోసారి ముక్కు లేచేసరికి వెనక నుంచి తిత్తి మోగింది. ఒకే ఒక్క స్వరం, దూడ కోసం ఆవు పిలిచినట్టుగా. కుడి తల ఆగిపోయింది. ఆ స్వరం మీదే మెడ వాల్చేసింది. పాట ఒక తలకు, శ్రుతి ఒక తలకు. అయిదుగురూ దాని కాళ్ళ మధ్య నుంచి పాకుతూ అవతలికి పడ్డారు.

"మణిధరుడే లేకపోతే ఈపాటికి నీ బుర్రా, నీ కిన్నెర బుర్రలూ దాని గూట్లో ఉండేవి బావా" అన్నాడు గుండయ దుమ్ము దులుపుకుంటూ.

"నోరు మూసుకుని నడువు."

"అగ్రాసనం ఎక్కినోడివి, మొహంలో ఆ కళే లేదేం? రాత్రి తిన్న సంకటి అరగలేదా?"

కొమ్మన అడుగు పెంచాడు. ప్రాణం దక్కిందన్న సంతోషం కంటే, ఎవరి చేత దక్కిందో అన్న మంట ఎక్కువగా ఉంది.

రాతికొలువు దిగువన పందిముఖాల రక్కసులు ఈటెలతో కాపలా ఉన్నారు. వాళ్ళకు పెళ్ళి మేళమంటే పిచ్చి. అందుకని అయిదుగురూ పెళ్ళివారి వేషం కట్టారు. లక్కన పెళ్ళికొడుకయ్యాడు. మణిధరుడు మూటలోంచి పసుపు చీర తీసి కట్టుకుని, చెట్టు చాటు నుంచి వచ్చి నిలబడేసరికి గుండయ నోరు తెరిచేశాడు.

"ఓరి నీ దుంప తెగ! ఇంత సక్కగా కుచ్చిళ్ళు పోయడం ఎక్కడ నేర్చావురా?"

కొమ్మన పళ్ళు కొరుక్కున్నాడు. ఆడవేషంలో కూడా వీడే గొప్ప!

రక్కసుల నాయకుడు పెళ్ళికూతురి గడ్డం పట్టి ఎత్తాడు. "ఏమే గుంటా, ఏడుస్తున్నావేం? మొగుడు నచ్చలేదా?"

"నచ్చినోడు వేరే ఉన్నాడు దొరా. వాడు రాయి" అంది పెళ్ళికూతురు. కన్నీళ్ళు చెంపల మీద నుంచి చుక్కలు చుక్కలుగా రాలుతున్నాయి.

రక్కసులు గుడ్లప్పగించి, తరవాత విరగబడి నవ్వారు. "పోనీండ్రా, పాపం!" అని దారి వదిలారు. ఏడవమంటే నిజంగా ఏడవగలుగుతున్నాడు వీడు, అనుకున్నాడు కొమ్మన. ఆ విద్య కూడా తనకు రాదు.

మధ్యాహ్నానికి చరియ కిందికి చేరారు. నల్లరాతి తలుపు, దాని మీద పడగలెత్తిన పాముల వరస. నీడ ఇంకా జానెడు ఉంది. మిగతా ముగ్గురూ వాద్యాలు సవరించుకుంటుంటే మణిధరుడు కొమ్మన పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"మైనం నువ్వే గీకావు" అన్నాడు మెల్లగా.

కొమ్మన చెవులు కాగిపోయాయి. "గీకితే మరి ఆచార్యులవారితో చెప్పలేదేం?"

"చెబితే నిన్ను పీఠం నుంచి గెంటేస్తాడు. అయిదుగురం కావాలి. ఇంకొకణ్ణి వెతకడానికి రోజుల్లేవు." మణిధరుడు తిత్తిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "లోపల ఎవరి కోసం వెళ్తున్నావో నాకు తెలుసు. తీసుకురా. అంతే చాలు."

తిడితే బాగుండేది. కొట్టినా బాగుండేది. ఈ మంచితనం మాత్రం కొమ్మనకు భరించరానిదైంది.

నీడ పోయింది. తిత్తి మోగింది, తాళం పడింది, వీణా మృదంగం అందుకున్నాయి, కిన్నెర వాటి మీద లేచింది. కొండ గుండెల్లోంచి ఉరుము వచ్చింది. రాతితలుపు గజగజలాడుతూ పైకి లేచింది. వాయిస్తూనే కొమ్మన లోపలికి అడుగుపెట్టాడు.

ఏం కొలువు అది! స్ఫటికపు నేల కింద నల్లని ఏరు పారుతోంది. పైన గబ్బిలాలకు బదులు మాణిక్యాలు వేలాడుతున్నాయి. రెండు పక్కలా శిలలు, అన్నీ వాద్యగాళ్ళే. నోటి దగ్గర సన్నాయితో ఒకడు, మీసం మెలేస్తూ ఒకడు, దరువు మధ్యలో చెయ్యి ఎత్తిన డోలు తాత ఒకడు. వరస చివర పోలన. ఎడమ కనుబొమ్మ మీద పొట్టేలు పొడిచిన మచ్చ కూడా రాయిలో అలాగే ఉంది.

"అన్నా, నేనే. కొమ్మన్ని" అన్నాడు. మాటలు మాని వేళ్ళతో చెప్పాడు. తనకు వచ్చినదంతా వాయించాడు. మెరుపులా ఎక్కాడు, జలపాతంలా దూకాడు. మాణిక్యాలు ఆ ధ్వనికి కిందికి రాలాయి. శిల మాత్రం కదల్లేదు.

బయట గుండయ మృదంగం తడబడింది. లక్కన వీణ ఎక్కడో వెనకబడిపోయింది. కొమ్మన వేగాన్ని వాళ్ళు అందుకోలేకపోతున్నారు. తలుపు కిర్రుమంటూ దిగసాగింది. భుజాల ఎత్తుకు వచ్చింది. కొమ్మన ఇంకా వేగంగా వాయించాడు. తలుపు ఇంకా దిగింది.

అప్పుడు తిత్తి స్వరం ఒక్క వెంట్రుకవాసి దిగింది. బయట ఎవరో నాలుక మీద మైనం తిరిగి అంటించారు. నిండా ఊదిన తిత్తిని చంకలో నొక్కుతూనే మణిధరుడు అందుకున్నాడు కాబోలు, ఆ స్వరం మీద వేణువు లేచింది.

కొమ్మన చెయ్యి ఆగిపోయింది. అది పోలన పాట. తుమ్మకొమ్మలు నరికి పిల్లమేకలకు వేస్తూ, తనలో తాను కూనిరాగం తీసే పాట. దానికి పేరు లేదు, మాటలు లేవు. ఈ లోకంలో తనొక్కడికే తెలుసనుకున్నాడు. వీడికెలా తెలుసు? అన్న వీడి దగ్గర ఎప్పుడు పాడాడు? ఇన్నాళ్ళ మంటలన్నీ ఒక ఎత్తు, ఈ మంట ఒక ఎత్తు. అగ్రాసనం పోతే పోయింది, నెయ్యి పోతే పోయింది, అన్న కూడా నావాడు కాడా?

వేణువు ఒక్క క్షణం ఆగింది. "మరిదీ!" అని కేక వినిపించింది. అది మగగొంతు కాదు. "తీగ దించు మరిదీ! నా శ్రుతికి రా! తలుపు పడిపోతోంది!"

మరిది! ఆ ఒక్క పిలుపుతో ఏటిలో స్నానానికి రాకపోవడం, మీసం లేని మొహం, పసుపు చీర, కన్నీళ్ళు, అన్నీ ఒక్కసారిగా చోట్లకు వచ్చాయి. ఊరు వదిలే ముందు ఏటి అవతలి పల్లెలో ఒక పిల్లను చూశానని, పేరు కుందమ అని, తిరిగొచ్చాక చెబుతానని పోలన అన్నాడు. తిరిగి రాలేదు. ఆమే వచ్చింది. మణిధరుడై, అదే మనిషి కోసం, అదే తలుపు దగ్గరికి.

తలుపు నడుము ఎత్తుకు దిగింది. అయినా కొమ్మన చేతులు ఒక్క క్షణం కదల్లేదు. ఆ పాట ఆమెకు వదిలేస్తే అన్నను వదిలేసినట్టేనని అతని లోపల ఏదో మొండికేసింది. తరవాత బిరడా పట్టుకుని తిప్పాడు. తీగ మూలుగుతూ దిగింది. దిగి, దిగి, బయటి తిత్తిలో కలిసిపోయింది. అతను పాట ఎత్తుకోలేదు. ఒకే తీగ మీటుతూ, ఆమె వేణువు కింద నేలలా పరుచుకున్నాడు. లక్కన అందుకున్నాడు. గుండయ దరువు తిన్నబడింది. తలుపు ఎక్కడిది అక్కడ ఆగిపోయింది.

పోలన ఒంటి మీద రాయి, ఎండిన బురద గేదె వీపు మీద పగిలినట్టు పగిలింది. పెచ్చులు పెచ్చులుగా రాలింది. కళ్ళు తెరిచాడు. ఎదురుగా నిలబడ్డ తమ్ముణ్ణి దాటి, ఆ చూపు తలుపు వైపు వెళ్ళింది.

"కుందమా!" అన్నాడు.

మూడేళ్ళ తరవాత మొదటి మాట. అది కొమ్మన పేరు కాదు. అయినా అన్న రెక్క పట్టుకుని తలుపు వైపు ఈడ్చాడు.

"తమ్ముడూ! నువ్వా! ఇంత ఎదిగావేరా..."

"తీరిగ్గా చూద్దువుగాని. వంగు! ఆవిడ ఊపిరి అయిపోతోంది అన్నా, వంగు!" భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. పోలన తలుపు కింది నుంచి ఎండలోకి దొర్లిపోయాడు. అదే క్షణాన వెనక నుంచి ఒక మంత్రదండం ఎగిరివచ్చి తలుపును తాకి, తిరిగి వెనక్కి పోయింది. కొండ విరిగినంత చప్పుడుతో తలుపు పడింది. బయటి పాట తెగిపోయింది.

కొమ్మన వెనక్కి తిరిగాడు. పొగలాంటి జుట్టు నేల మీద ఈడ్చుకుంటూ ధూమకేశుడు వస్తున్నాడు. ముఖం ముడతలు పడిన మామిడిటెంకలా ఉంది. కళ్ళు మాత్రం ఇంకా కుర్రవాడివి.

"అగ్రాసనం వాడివా?" అన్నాడు. "బాగుంది. శంఖపాలుడు, నేను ఒకే మంటపంలో కూచుని నేర్చుకున్నాం తెలుసా? నా అంత వేగంగా వాయించినవాడు ఆ కొండ మీద లేడు. నన్ను తిత్తి పట్టమన్నారు. నన్ను! ఆ రోజే దిగి వచ్చేశాను. అప్పటినుంచి వాళ్ళ అగ్రాసనాల వాళ్ళను ఒక్కొక్కణ్ణే తెచ్చి ఇక్కడ నిలబెడుతున్నాను." దండంతో నేల తట్టాడు. "వాయించు. ఆపావా, రాయివి."

చల్లదనం కొమ్మన పాదాల దగ్గర మొదలైంది. వాయించాడు. పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎన్నడూ వాయించలేదు. మాంత్రికుడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. అయినా రాయి ఎక్కుతూనే ఉంది. చీలమండలు, పిక్కలు, మోకాళ్ళు. ఒక్కడు ఎంత వాయించినా ఆ రాయికి లెక్కలేదు.

కొమ్మన వేగం తగ్గించాడు. నాలుగు స్వరాలు పలికి, ఒక దరువుకు సరిపడా ఖాళీ వదిలాడు. మళ్ళీ నాలుగు స్వరాలు. మళ్ళీ ఖాళీ, ఎవరైనా వచ్చి కూర్చుంటారేమో అన్నట్టు.

మూడో ఖాళీలో 'టక్' మని వినిపించింది.

డోలు తాత రాతివేలు. ఆ వేలి చివర రాయి చిట్లి, కింద ఎర్రని చర్మం కనిపిస్తోంది. తరవాతి ఖాళీలో ఆ వేలితో పాటు సన్నాయివాడి బుగ్గ కూడా కదిలింది. కొమ్మన మోకాళ్ళ దగ్గర రాయి ఎక్కడం మానింది.

ధూమకేశుడు కళ్ళు తెరిచాడు. తన కొలువులోని శిలలు, తను ఎన్నడూ పలికించలేని శిలలు, ఒక మేకల కాపరి పిలుపుకు బదులు చెబుతున్నాయి. వాడి కింది పెదవి వంకర తిరిగింది. దవడ బిగిసింది. ఆ మంట మనిషిని ఎక్కడ పట్టుకుంటుందో, ఏం చేయిస్తుందో కొమ్మనకు బాగా తెలుసు. ఇప్పుడు వీడు తనను కొట్టడు. తాతను కొడతాడు.

అనుకున్నట్టే దండం డోలు తాత తల మీదికి లేచింది.

"అందరూ!" అని అరిచాడు కొమ్మన శిలల వరసకేసి. "మీలో ఎవరిది ముందో నాకక్కర్లేదు! అందుకోండి!"

దండం కిందికి దిగుతుండగా, రాతికొలువు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, తమ తమ వాద్యాల మీదికి రాతిచేతులు లేచాయి.